పది కిలోమీటర్ల న్యాయం

2025 జులై 11న కేంద్ర పర్యావరణ శాఖ ఒక గెజిట్ ప్రకటన ఇచ్చింది. బొగ్గు విద్యుత్ కేంద్రాల పొగలోంచి గంధకాన్ని పట్టి ఆపే యంత్రాలు ఎవరు పెట్టాలో, ఎవరికి అక్కర్లేదో అందులో తేల్చారు. ఢిల్లీ రాజధాని ప్రాంతానికి గానీ, జనాభా పది లక్షలు దాటిన నగరానికి గానీ పది కిలోమీటర్ల లోపు ఉన్న కేంద్రాలు 2027 డిసెంబరు ఆఖరుకల్లా వాటిని పెట్టి తీరాలి. కాలుష్యం మితిమీరిన ప్రాంతాల దగ్గర, గాలి ప్రమాణాలు అందుకోలేని పట్టణాల దగ్గర ఉన్నవాటి సంగతి ఒక్కొక్కటిగా పరిశీలిస్తారు. మిగిలినవి దాదాపు 78 శాతం. నిర్ణయించిన ఎత్తున పొగగొట్టం ఉంటే చాలు, వాటికి పూర్తి మినహాయింపు. ఈ పది కిలోమీటర్ల గీత 2021లోనే గీశారు. అప్పట్లో గీతకు ఇటూ అటూ గడువుల్లోనే తేడా ఉండేది. ఇప్పుడు యంత్రం ఉండటమా, లేకపోవడమా అన్న తేడా వచ్చింది.

పొగగొట్టాలు పేదల ఇళ్ల పక్కనే ఎందుకు లేస్తాయని అడిగితే అక్కడ భూమి చౌక అని చెప్పి ఊరుకుంటారు. అందులో అబద్ధం లేదు గానీ అది సగం జవాబు. లండన్, షికాగో, న్యూయార్క్, ఢిల్లీ, ఎన్నూరు, మన ఇబ్రహీంపట్నం కథలను పక్కపక్కన పెట్టి చదివితే మిగతా సగం కనిపిస్తుంది. ప్రతిచోటా నిబంధనల్లో ఏదో ఒక అంకె ఉంటుంది. ఒకచోట అది కేంద్రం వయసు, ఇంకోచోట మెగావాట్ల పరిమితి, మరోచోట నగరం నుంచి దూరం. పైకి సాంకేతికంగా, నిష్పాక్షికంగా కనిపించే ఆ అంకె ఎవరి ఊపిరితిత్తులు లెక్కలోకి వస్తాయో, ఎవరివి రావో ముందే నిర్ణయించేస్తుంది.

ముందు లండన్ సంగతి. థేమ్స్ దక్షిణపు ఒడ్డున బాటర్సీలో విద్యుత్ కేంద్రం కట్టాలని 1920ల చివర తలపెట్టినప్పుడు అవతలి ఒడ్డున గగ్గోలు పుట్టింది. అవతల ఉన్నవి వెస్ట్‌మినిస్టర్, చెల్సీ: పార్లమెంటు, ధనవంతుల ఇళ్లు, టేట్ గ్యాలరీ. పొగలోని గంధకం రాతి కట్టడాలను, గ్యాలరీలోని చిత్రాలను తినేస్తుందని వాళ్ల భయం. దాంతో 1933లో కేంద్రం మొదలైనప్పుడే పొగను నీళ్లతో కడిగే ఏర్పాటు చేశారు. కడిగిన నీళ్లను నదిలోకే వదిలారు లెండి. అయినా గంధకాన్ని పట్టే విద్య అప్పటికే చేతిలో ఉందన్నది గమనించాలి. తైలవర్ణ చిత్రాల కోసం దాదాపు తొంభయ్యేళ్ల కిందట పెట్టిన యంత్రం, మనుషుల కోసం 2025లో అనవసరమైంది.

1952 డిసెంబరులో అయిదు రోజులపాటు లండన్‌ను కమ్మిన విషపు పొగమంచుకు నాలుగు వేల మంది పోయారని అప్పటి లెక్క. తర్వాతి పరిశోధకులు దాన్ని పన్నెండు వేల దాకా తీసుకెళ్లారు. 1956లో శుభ్రమైన గాలి చట్టం వచ్చింది. కొత్త కేంద్రాలు ఊరవతలకు జరిగాయి, పొగగొట్టాలు పొడుగయ్యాయి. లండన్ ఆకాశం తేటపడింది, బ్రిటన్ గంధకం మాత్రం సముద్రం దాటి నార్వే, స్వీడన్ చెరువుల మీద ఆమ్ల వర్షమై కురిసింది. పొగగొట్టం ఎత్తు పెంచితే విషం తగ్గదు, దాని చిరునామా మారుతుంది. బాటర్సీ కేంద్రం 1983లో మూతపడింది. ఇప్పుడక్కడ ఖరీదైన ఫ్లాట్లు, ఆపిల్ కార్యాలయం ఉన్నాయి.

పర్యావరణ న్యాయం అన్న ఉద్యమం మాత్రం అమెరికాలో పుట్టింది. 1982లో నార్త్ కరోలినా రాష్ట్రంలోని వారెన్ కౌంటీలో, నల్లజాతివారు ఎక్కువగా ఉన్న పల్లెలో విషపు మట్టిని పాతిపెట్టబోతే జనం లారీలకు అడ్డంగా రోడ్డు మీద పడుకున్నారు. అయిదు వందల మందికి పైగా అరెస్టయ్యారు. అయిదేళ్లకు ఒక చర్చి సంస్థ దేశమంతటి వ్యర్థాల గోతులను పటం మీద గుర్తించి చూస్తే, గొయ్యి ఎక్కడ పడుతుందో చెప్పడానికి ఆదాయం కంటే జాతే బలమైన సూచిక అని తేలింది. 1994లో అధ్యక్షుడు క్లింటన్ దీన్ని ప్రభుత్వ బాధ్యతగా గుర్తిస్తూ ఉత్తర్వు ఇచ్చాడు. 2025 జనవరిలో ట్రంప్ పదవిలోకి వచ్చిన మర్నాడే ఆ ఉత్తర్వు రద్దయింది.

ఈ విషయంలో తప్పకుండా చదవాల్సిన కథ షికాగోది. నగరం నడిబొడ్డుకు దగ్గర్లో రెండు బొగ్గు కేంద్రాలు ఉండేవి: 1903 నాటి ఫిస్క్, 1924 నాటి క్రాఫర్డ్. మొదటిది పిల్సెన్ పేటలో, రెండోది లిటిల్ విలేజ్‌లో. రెండూ మెక్సికో నుంచి వచ్చిన శ్రామిక కుటుంబాల పేటలు. 1970లో అమెరికా గాలి చట్టం కఠినమైనప్పుడు పాత కేంద్రాలకు వెసులుబాటు ఇచ్చారు. ముసలివి, ఎలాగూ నాలుగు రోజుల్లో మూతపడతాయి, వాటి మీద ఖర్చెందుకు అన్నది తర్కం. అవి మూతపడలేదు. ఆ మినహాయింపే వాటికి ఆయువు పోసింది. కొత్త కేంద్రం కట్టాలంటే శుద్ధి యంత్రాలన్నీ పెట్టాలి, పాతదాన్ని నడుపుకుంటే పెట్టక్కర్లేదు కాబట్టి యజమానికి పాతదే లాభం. ఆఖరి రోజుల్లో వాటి కరెంటు టోకు మార్కెట్లో అమ్ముడుపోయేది. పొగ మాత్రం పేటలోనే ఉండిపోయేది.

ఆ రెండు కేంద్రాల వల్ల ఏటా దాదాపు 40 అకాల మరణాలు సంభవిస్తున్నాయని 2000ల మొదట్లో హార్వర్డ్ ప్రజారోగ్య పరిశోధకులు అంచనా కట్టారు. ఆ అంచనాను ఇంటింటికీ తీసుకెళ్లింది స్థానిక సంఘం. దాని నాయకురాలు కింబర్లీ వాసర్మన్ తన పసిబిడ్డకు ఆయాసం వచ్చాక ఉద్యమంలోకి దిగిన తల్లి. పదేళ్ల పైచిలుకు పోరాటం తర్వాత 2012లో రెండూ మూతపడ్డాయి, మరుసటేడు ఆమెకు గోల్డ్‌మన్ పర్యావరణ బహుమతి వచ్చింది. చాలా వ్యాసాలు కథను ఇక్కడే ఆపేస్తాయి. అసలు పాఠం ఆ తర్వాత ఉంది. క్రాఫర్డ్ స్థలాన్ని ఒక స్థిరాస్తి వ్యాపార సంస్థ కొని, 2020 ఏప్రిల్ 11న పాత పొగగొట్టాన్ని పేల్చి కూల్చింది. కొవిడ్ వల్ల జనమంతా ఇళ్లలో ఉన్న సమయం అది. దుమ్ము మేఘం పేట మొత్తాన్ని కప్పేసింది. ఇప్పుడక్కడ పెద్ద గిడ్డంగి ఉంది, దానికి వచ్చీపోయే డీజిల్ లారీలు ఉన్నాయి. కేంద్రం మూయించడానికి పదేళ్లు పట్టింది. ఆ స్థలంలో ఏం రావాలన్నది మాత్రం పేటవాళ్ల చేతిలో లేకుండా పోయింది.

న్యూయార్క్‌లో సమస్య బొగ్గు కాదు. ఎండలు మండి ఏసీలన్నీ ఒక్కసారి తిరిగే సాయంత్రాల్లో మాత్రమే నడిచే గ్యాస్, చమురు టర్బైన్లు అక్కడి తలనొప్పి. ఏడాదిలో కొద్ది గంటలే నడిచినా, గాలి ఎలాగూ చెడిపోయి ఉండే రోజుల్లోనే, ఇళ్ల మధ్యే, పొట్టి గొట్టాల్లోంచి పొగ వదులుతాయి. 2001లో కరెంటు కొరత వస్తుందన్న భయంతో అక్కడి ప్రభుత్వ విద్యుత్ సంస్థ సౌత్ బ్రాంక్స్, బ్రూక్లిన్ లాంటి చోట్ల హడావిడిగా చిన్న గ్యాస్ టర్బైన్లు దించింది. 80 మెగావాట్లు దాటితే రాష్ట్ర చట్టం కింద పూర్తి స్థాయి స్థల పరిశీలన జరగాలి. అందుకని జంట టర్బైన్లు ఉన్న చోట సామర్థ్యాన్ని 79.9 మెగావాట్ల దగ్గర ఆపారు. ఆ పదో వంతు మెగావాటు విలువ ఒక పేట మాట్లాడే హక్కు. జనం కోర్టుకెక్కితే, సన్నని ధూళి ప్రభావాన్ని లెక్కగట్టకుండా ముందుకెళ్లడం తప్పని అప్పీలు కోర్టు చెప్పింది. టర్బైన్లు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి. 2030 ఆఖరుకల్లా వాటిని ఆపాలని 2023లో రాష్ట్ర చట్టం వచ్చింది. మరోపక్క బ్రూక్లిన్ తీరంలో పడవల మీద ఉన్న పాత టర్బైన్లను 2025లో ఆపాల్సి ఉండగా, వేసవికి కరెంటు చాలదని గ్రిడ్ నిర్వాహకులే గడువు పొడిగించారు. కరెంటు పోతే ముందు చీకట్లో ఉండేదీ పేద పేటలే కాబట్టి గ్రిడ్ వాదనను కొట్టిపారేయలేం. బ్యాటరీలు సమయానికి పెట్టి ఉంటే ఆ వాదన అవసరమే వచ్చేది కాదు.

కేంద్రం మూతపడితే ఆరోగ్యం నిజంగా బాగుపడుతుందా అన్న ప్రశ్నకు ఇప్పుడు ఊహలతో పని లేదు. చైనాలో చోంగ్‌చింగ్ దగ్గరి టోంగ్‌లియాంగ్‌లో ఊరి మధ్యనున్న బొగ్గు కేంద్రాన్ని 2004లో మూశారు. అంతకుముందు పుట్టిన పిల్లలనూ తర్వాత పుట్టిన పిల్లలనూ కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు పోల్చారు. తర్వాతి వాళ్ల బొడ్డుతాడు రక్తంలో కాలుష్యపు గుర్తులు తగ్గాయి, ఎదుగుదల మెరుగుపడింది. కాలిఫోర్నియాలో ఎనిమిది పాత బొగ్గు, చమురు కేంద్రాలు మూతపడ్డాక, అయిదు కిలోమీటర్ల లోపు తల్లులకు నెలలు నిండకుండా జరిగే కాన్పులు 7 శాతం నుంచి దాదాపు 5 శాతానికి దిగాయి. 1999 నుంచి 2020 వరకు అమెరికా వృద్ధుల్లో 4 లక్షల 60 వేల మరణాలకు బొగ్గు కేంద్రాల సన్నని ధూళి కారణమని 2023లో వచ్చిన మరో అధ్యయనం తేల్చింది. మిగతా ధూళి కంటే బొగ్గు ధూళి రెండింతలు ప్రాణాంతకమన్నది అందులో ముఖ్యమైన మాట. ధూళి అంతా ఒక్కటే కాదన్నమాట.

ఇక మన దేశం. ఢిల్లీలో ఇంద్రప్రస్థ, రాజ్‌ఘాట్, బదర్‌పూర్ కేంద్రాలు ఒకటి తర్వాత ఒకటి మూతపడ్డాయి. 705 మెగావాట్ల బదర్‌పూర్ 2018 అక్టోబరులో ఆగింది. మూయాల్సినదే, సందేహం లేదు. రాజధాని కరెంటు వాడకం మాత్రం తగ్గలేదు. దాద్రి, ఝజ్జర్, ఇంకా దూరాన సింగ్రౌలీ ప్రాంతపు కేంద్రాల నుంచి తీగల మీద వస్తోంది. 2020 ఏప్రిల్‌లో సింగ్రౌలీ దగ్గర సాసన్ కేంద్రపు బూడిద చెరువు గట్టు తెగి ఆరుగురు చనిపోయారు. ఢిల్లీ గాలి గురించి రాసేవాళ్లు ఆ ఆరుగురి గురించి అరుదుగా రాస్తారు. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమానికీ ఈ జబ్బే ఉంది. దాని డబ్బు, లక్ష్యాలు, ర్యాంకులు అన్నీ 130 పైచిలుకు నగరాలకు కట్టి పెట్టారు. పల్లెలో ఉన్న పొగగొట్టం ఆ పటంలోకి రాదు. హైదరాబాద్‌కూ ఇలాంటి గతమే ఉంది. నిజాం కాలంలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున బొగ్గు కేంద్రం ఉండేది. ఇప్పుడు ఆ చోట ఎన్టీఆర్ గార్డెన్స్‌లో పిల్లలు ఆడుకుంటున్నారు. నగరానికి కావలసిన కరెంటు రామగుండం, మణుగూరు, పాల్వంచ వైపు నుంచి వస్తోంది, ఇప్పుడు దామరచర్ల దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి కేంద్రం కూడా చేరింది.

చెన్నై కథ ఇంకా చేదు. ఆ నగరం పొగను బయటికి పంపలేదు, తనలోనే ఒక మూలకు నెట్టింది. ఆ మూల ఎన్నూరు. మన నగరి వైపు నీళ్లు కూడా కలుపుకొని వెళ్లే కుశస్థలి నది అక్కడే సముద్రంలో కలుస్తుంది. తెలుగు మాట్లాడే కుటుంబాలు ఉత్తర చెన్నైలో ఇవాళ్టికీ ఎన్నో ఉన్నాయి. 1970లో మొదలైన 450 మెగావాట్ల ఎన్నూరు థర్మల్ కేంద్రం 2017లో మూతపడేనాటికే చుట్టూ ఉత్తర చెన్నై కేంద్రం, 1,500 మెగావాట్ల వల్లూరు కేంద్రం లేచాయి. వాటితో పాటు చమురు శుద్ధి కర్మాగారం, ఎరువుల ఫ్యాక్టరీ, రేవులు. బూడిదను నీళ్లలో కలిపి చెరువులకు పంపే గొట్టాలు ఏరు మీదుగా వెళ్తాయి, అవి ఏళ్ల తరబడి కారాయి. నది అడుగున బూడిద పేరుకుంది. నీళ్లలో దిగి చేతులతో రొయ్యలు ఏరుకునే ఆడవాళ్ల జీవనం దెబ్బతింది. బూడిద చెరువును ఆనుకుని ఉన్న సెప్పాక్కం గ్రామస్థులు మమ్మల్ని వేరేచోటికి మార్చమని ఎన్నేళ్లుగానో అడుగుతున్నారు. 1996లో కేంద్ర ప్రభుత్వం ఆమోదించిన తీర పటంలో ఆ ఉప్పుటేరు రక్షిత ప్రాంతం. తర్వాత అధికారులు వాడిన మరో పటంలో అందులో పెద్ద భాగం కనిపించలేదని కార్యకర్తలు సమాచార హక్కు కింద బయటపెట్టారు. గాయకుడు టి.ఎం. కృష్ణ 2017లో పోరంబోకు మీద పాడిన పాటను చిత్రించింది ఆ బూడిద మేటల మధ్యే. హరిత ట్రిబ్యునల్ తప్పు పట్టింది, కమిటీలు వేసింది. అయినా కొత్త యూనిట్లు ఆగలేదు: 2024లో ఇంకో 800 మెగావాట్ల యూనిట్ తయారైంది. ఇప్పటికే చెడిపోయిన చోటు కాబట్టి ఇంకొకటి పెట్టినా ఫర్వాలేదనే ఆలోచన నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అతి క్రూరమైనది. ఒక్కో యూనిట్‌కూ విడిగా పర్యావరణ నివేదిక రాస్తారు. పీల్చేవాడి ఊపిరితిత్తుల్లో మాత్రం అన్నీ కలిసే చేరతాయి.

ఇబ్రహీంపట్నం దగ్గరి నార్ల తాతారావు విద్యుత్ కేంద్రాన్ని ఎవరూ ఆ పేరుతో పిలవరు, అందరికీ అది వీటీపీఎస్. 1979లో మొదటి యూనిట్, 2023లో 800 మెగావాట్ల ఎనిమిదో యూనిట్. ఇప్పుడు మొత్తం 2,560 మెగావాట్లు. విజయవాడ పెరిగి పెరిగి దాని పక్కకు వచ్చేసింది. కొండపల్లి, ఇబ్రహీంపట్నం వైపు వాళ్లను అడిగితే గంధకం మాట ఎత్తరు, బూడిద గురించి చెబుతారు. డాబా మీద ఆరేసిన బట్టలు, మూత లేని బిందె, గాలి లేచిన రోజు బూడిద చెరువు వైపు నుంచి వచ్చే తెల్లటి తెర, పట్టా సరిగా కప్పని టిప్పర్లు. మన బొగ్గులో బూడిద 30 నుంచి 45 శాతం దాకా ఉంటుంది. దేశంలో ఏటా 30 కోట్ల టన్నులకు పైగా బూడిద తేలుతోంది. ఒకప్పుడు ఎవరికీ పట్టని ఆ బూడిద ఇప్పుడు సిమెంటుకు, ఇటుకలకు, రోడ్లకు సరుకైంది. రవాణా కాంట్రాక్టుల కోసం నాయకులు బహిరంగంగా కొట్లాడుకోవడం 2024లో రాయలసీమ థర్మల్ కేంద్రం దగ్గర చూశాం. లాభం ఎవరిదన్న దాని మీద అంత గొడవ జరిగింది గానీ, రోడ్డు పక్క ఇళ్లలో పడే దుమ్ముకు బాధ్యత ఎవరిదని ఒక్కరూ అడగలేదు.

పరవాడ దగ్గరి సింహాద్రి, పెదగంట్యాడ వైపు హిందుజా కేంద్రం విశాఖకు ఇలాంటి పొరుగువే. శ్రీకాకుళం జిల్లాలో కథ ఇంకోలా నడిచింది. థర్మల్ కేంద్రం కోసం సోంపేట బీలను, అంటే చిత్తడి నేలలను, కాగితాల మీద బంజరుగా చూపారు. అక్కడ చేపలు పట్టి, పశువులు మేపి, వరి పండించి బతికేవాళ్లు ఎదురు తిరిగారు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు పర్యావరణ అప్పీలు సంస్థ ఆ ప్రాజెక్టు అనుమతిని కొట్టేసింది. కేంద్ర విద్యుత్ శాఖ కార్యదర్శిగా పనిచేసిన ఇ.ఎ.ఎస్. శర్మ ఆ ఉద్యమం పక్షాన నిలబడ్డారు. మరుసటేడు కాకరాపల్లిలోనూ కాల్పులు జరిగాయి.

మళ్లీ 2025 ప్రకటన దగ్గరికి వద్దాం. ప్రభుత్వ వాదనలో కొంత బలం ఉంది. మన బొగ్గులో గంధకం తక్కువ, సుమారు అర శాతం. దేశంలో చాలాచోట్ల గాలిలో సల్ఫర్ డయాక్సైడ్ ప్రమాణాల లోపే ఉంది. అన్ని కేంద్రాలకూ యంత్రాలంటే రెండున్నర లక్షల కోట్ల ఖర్చు, యూనిట్‌కు 25 నుంచి 30 పైసల భారం. యంత్రాలకు సున్నపురాయి, నీళ్లు, అదనపు కరెంటు కావాలి. నిజమే. కానీ ఈ వాదన కొలవాల్సిన చోట కొలవడం లేదు. గొట్టంలోంచి వచ్చిన సల్ఫర్ డయాక్సైడ్ వాయువుగానే మిగిలిపోదు. గాలిలో ప్రయాణిస్తూ సల్ఫేటు ధూళిగా మారి వందల కిలోమీటర్ల అవతల సన్నని ధూళి లెక్కలో తేలుతుంది. కేంద్రం పక్కన వాయువును కొలిచి తక్కువుందనడం, ఆ ధూళి పడే ఊరిని లెక్కలోంచి తీసేయడమే. ఇక్కడే పది కిలోమీటర్ల గీత శాస్త్రపరంగానూ కూలిపోతుంది. ఎత్తైన గొట్టం నగరానికి పన్నెండో కిలోమీటరులో ఉన్నంత మాత్రాన దాని పొగ నగరాన్ని వదిలిపెట్టదు. పొరుగునున్న పల్లెకు ఎదురయ్యే బూడిద, నీళ్ల సమస్యలను గంధక యంత్రం తీర్చదు. అందుకే రెండూ విడివిడిగా అడగాల్సినవి. దూరాన ఉన్నవాడి కోసం గంధకం పట్టాలి, దగ్గరున్నవాడి కోసం బూడిద కట్టాలి. 2015లో ధూళి పరిమితులు పెట్టినప్పుడు 2004కు ముందు కట్టిన కేంద్రాలకు కొత్తవాటి కంటే మూడింతలకు పైగా ధూళి వదిలే వీలిచ్చారు. షికాగోలో పాత కేంద్రాలకు ఆయువు పోసిన తర్కం ఇక్కడా అదే. సగటు సన్నని ధూళికి మన వార్షిక ప్రమాణం ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పినది 5.

కాలుష్యం లేని గాలి, నీరు జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1991లోనే సుభాష్ కుమార్ కేసులో చెప్పింది. ఆ హక్కు పది కిలోమీటర్ల దగ్గర ఆగుతుందని ఎక్కడా చెప్పలేదు. 2025 మినహాయింపును వెనక్కి తీసుకోవాలి. అది జరిగేలోగా జనం వాడుకోగల పనిముట్టు ఒకటి ఉంది. 2006 పర్యావరణ అనుమతుల నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, నివేదిక సారాంశం స్థానిక భాషలో అందుబాటులో పెట్టాలి. మీ ఊరి దగ్గర కొత్త యూనిట్ మాట వినపడితే ఆ తెలుగు సారాంశం అడిగి తీసుకోండి. చుట్టుపక్కల ఉన్న పాత యూనిట్ల పొగ, బూడిద అందులో కలిపారో లేదో చూడండి. గొట్టానికి బిగించిన మీటర్ల రీడింగులు గేటు దగ్గర బోర్డు మీద పెట్టమనండి. ఊరి పిల్లల ఊపిరితిత్తుల పరీక్ష కేంద్రం మొదలయ్యేముందు ఒకసారి, తర్వాత ఏటేటా చేయిస్తామని రాతపూర్వకంగా ఇవ్వమనండి. ఇవ్వకపోతే ఆ మాట సభ మినిట్స్‌లో నమోదు చేయించండి. తర్వాత ట్రిబ్యునల్‌లో పనికొచ్చేది ఆ నమోదే.